మంచు చిరుతయు గొఱ్ఱెల దొడ్డియు

ఒక్క రాత్రిలో మందలో సగము చచ్చిన యెడల ఆ యింటివారికి కలుగు దుఃఖము, జీవములను మేపుకొని బ్రదుకు మనకు తెలియును. హిమాలయములలోని లడఖ్ కాపరులకు మంచు చిరుత వలన ఇట్టి దుఃఖము కలుగుచుండెను.

ఈ మృగమును గూర్చి కొంత తెలిసికొందము. దాని బూడిదవన్నె చర్మము బండలలో కలిసిపోవును. ఇంచుమించు మీటరు పొడవుండు తోకను చలిలో ఒంటికి చుట్టుకొనును. అది పులివలె గర్జింపనేరదు. భరల్ అను కొండగొఱ్ఱెలు దానికి ముఖ్యాహారము. మనుష్యుల జోలికి సాధారణముగా రాదు.

అయితే అప్పుడప్పుడు అది ఊరి దొడ్డిలోనికి దూకును. తప్పించుకొన దారిలేక బెదరి పరుగులెత్తు జీవములను ఒకదాని వెంబడి ఒకటి చంపును. అందుచేత కాపరులు కోపించి దానిని చంపుచు వచ్చిరి.

దీనికి దొరికిన ఉపాయము చిన్నది. లడఖ్ గ్రామములు అనేకములలో దొడ్లపైన ఇనుప వల కప్పి, గట్టి తలుపులు పెట్టిరి. స్పితి ప్రాంతమందలి కిబ్బర్ గ్రామస్థులు 2002లో పశువుల బీమా నిధి నేర్పరచుకొని, ఒకని నష్టమును పలువురు పంచుకొనసాగిరి.

2019 మొదలు 2023 వరకు జరిగిన లెక్కనుబట్టి మన దేశమున 718 మంచు చిరుతలున్నవని అంచనా. వాటిలో 477 లడఖ్‌లోనివే.

పగ వలన మంద దక్కలేదు. దొడ్డి బాగుచేయుట వలన మందయు మృగమును దక్కినవి. నష్టపోయిన పేదవానిని ఒంటరిగా విడిచి, మృగమును కాపాడుమనుట న్యాయము కాదు.

ఆలోచించుడి: మన యూరిలో ఒకని మేక పోయినప్పుడు ఆ నష్టమును పంచుకొనువారెవరు?