రెప్ప వేయడం మరిచిన చదువు

ప్రశ్న: మా అమ్మాయి గ్రూప్-2కు చదువుతోంది. మెటీరియల్ అంతా ఫోన్‌లోనే, పీడీఎఫ్‌లుగా. రోజుకు ఏడెనిమిది గంటలు చూస్తుంది. సాయంత్రానికి కళ్లు మంట, ఇసుక పడ్డట్టు గరగర. తలెత్తితే కాసేపు అంతా మసక. చూపు దెబ్బతింటుందా? నీలికాంతి అద్దాలు కొనాలా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ఈ లక్షణాలు సాధారణంగా కన్ను ఆరిపోవడం వల్ల, అలిసిపోవడం వల్ల వచ్చేవే. వీటితో చూపు శాశ్వతంగా పోదు.

మనిషి మామూలుగా నిమిషానికి 15 సార్లు అటూ ఇటుగా రెప్ప వేస్తాడు. తెర మీద చూపు నిలిచిందంటే ఆ లెక్క సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. కన్నీటి మీద పల్చని నూనె పూత ఉంటుంది. రెప్పల అంచున ఉండే గ్రంథుల నుంచి ఆ నూనె రావాలంటే, కన్నంతా పరుచుకోవాలంటే రెప్ప నిండుగా పడాలి. అరకొర రెప్పతో పూత చెదిరి, కింది నీరు ఆవిరవుతుంది. మంట, గరగర అందుకే. ఫ్యాన్ గాలో, ఏసీ గాలో ముఖానికి సూటిగా తగులుతుంటే ఇంకా తొందరగా ఆరుతుంది.

మసకకు కారణం వేరు. దగ్గరిది చూడాలంటే కంటి లోపలి కండరం బిగుసుకోవాలి. ఫోన్ 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కంటి మీద 4 డయాప్టర్ల భారం. 40 సెంటీమీటర్లకు జరిపితే అది రెండున్నరకు దిగుతుంది. గంటల తరబడి బిగిసిన కండరం తలెత్తగానే సడలదు. అందుకే 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతలి దాన్ని, 20 సెకన్లు చూడమంటారు. ఎదురింటి డాబా మీది నీళ్ల ట్యాంకు చాలు. ఆ 20 సెకన్లలోనే నాలుగైదు సార్లు రెప్పలు నిండుగా మూసి తెరవాలి.

నీలికాంతి అద్దాలకు డబ్బు పోయక్కర్లేదు. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలను సమీక్షిస్తే, మామూలు అద్దాల కంటే ఇవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు. ఆ డబ్బుతో ఒకసారి పవర్ పరీక్ష చేయించడం మేలు. కంటికి కొద్దిపాటి సిలిండర్ పవర్ ఉండి అద్దాలు లేకపోయినా ఇంతే అలసట వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. పాత నవలల స్కాన్ ప్రతులను ట్యాబ్‌లో చదువుతారు. బైఫోకల్ అద్దాలు. గంట దాటితే మెడనొప్పి. ఈ-రీడర్ కొనిస్తే మంచిదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బైఫోకల్‌లో దగ్గరి చూపు పవర్ కింది భాగంలో ఉంటుంది. తెర కంటికి ఎదురుగా ఉంటే గడ్డం పైకెత్తి చూడాలి. ఒళ్లో పెట్టుకుంటే మెడ వంగిపోతుంది. తల బరువు సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు వంచితే మెడ మీద దాదాపు 27 కిలోల భారం పడుతుందని 2014లో వేసిన ఒక కంప్యూటర్ లెక్క. ట్యాబ్‌ను స్టాండులో ఏటవాలుగా, కంటికి కాస్త కిందుగా పెట్టాలి. రోజూ గంటలు చదివేవారు ఆ దూరానికే సరిపడే విడి అద్దాలు రాయించుకోవచ్చు.

అక్షరం సైజుకూ దీనిలో వాటా ఉంది. తెలుగులో ద, ధల మధ్య, ప, ఫల మధ్య తేడా ఒక చిన్న గీతే. పైన గుణింతం, కింద ఒత్తు. సన్నటి స్కాన్‌లో ఇవి తేలక మనిషి తెర మీదికి వంగుతాడు. ట్యాబ్‌ను అడ్డంగా తిప్పితే అక్షరం పెద్దదవుతుంది.

ఈ-రీడర్ తెర తనంతట తాను వెలగదు. అందులోని నలుపు, తెలుపు రేణువులు గదిలోని వెలుతురును కాగితంలాగే తిప్పికొడతాయి. కానీ స్కాన్ ప్రతిలో అక్షరాన్ని విడిగా పెంచడం కుదరదు. ఆరంగుళాల తెరలో పేజీ మొత్తం కుంచించుకుపోతుంది. నాన్నగారి పుస్తకాలకు పెద్ద ట్యాబే నయం.

ప్రశ్న: కళ్లు ఎర్రబడితే మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. వెంటనే తగ్గుతోంది. కొనసాగించవచ్చా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: వద్దు. అలా ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశముంది. దాన్ని నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బు రావచ్చు, శుక్లమూ రావచ్చు. కన్ను ఆరిపోతే వాడాల్సింది కన్నీటిలా తడినిచ్చే చుక్కలు. అవి కూడా రోజుకు నాలుగు సార్లకు మించి కావాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి ఎంచుకోవాలి. ఇప్పటిదాకా వాడిన సీసాను పారేయకుండా కంటి డాక్టరుకు చూపించి, కంటి ఒత్తిడి కొలిపించుకోండి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల గుంపు, చూపుకు తెర అడ్డుపడ్డట్టు కనిపిస్తే మాత్రం అది చదువు అలసట కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.