క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌కు: విని పోల్చుకునే పద్ధతి

మన బి.కొత్తకోట చుట్టుపక్కల, అటు పుంగనూరు, కుప్పం దాకా పల్లెల్లో భారతం జరిపిస్తారని హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 18 రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. బకాసుర వధ, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరన మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి వీరంగం. టేప్ రికార్డర్లు వచ్చాక కొందరు మైకు సెట్టు పక్కన కూర్చుని ఈ కథలను క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. ఆ కథ చెప్పినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. క్యాసెట్లు మాత్రం అటకల మీద, బీరువాల్లో ఉన్నాయి. ఒక్కో క్యాసెట్‌కు ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో జనగణమన పాడి వినిపించాడు, అక్కడే దానిని ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ రోజు పాడిన శబ్దం మనకు లేదు. అదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1986లో కన్నుమూసినా, ప్రసంగాలను టేపుల మీద పట్టి ఉంచారు కనుక ఇవాళ కూడా ఆయన గొంతు వినగలుగుతున్నాం. మన హరికథకుల సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. టేపు ఉంది, కానీ అందులోని మాట ఎంత మిగులుతుందన్నది దానిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళ చేతిలో ఉంది. మన పాత విద్యార్థులు కొందరు ఇలాంటి పనికి దిగుతున్నారు కనుక ఈ పాఠం.

ముందు లెక్క చూద్దాం. ఒక భారతంలో హరికథ రోజుకు 3 గంటలు అనుకుంటే 18 రోజులకు 54 గంటలు. 90 నిమిషాల క్యాసెట్లు 36 కావాలి. ఒక్కో వైపును ఒక ఫైలుగా ఎక్కిస్తే 72 ఫైళ్ళు. సెకనుకు 44,100 శాంపిళ్ళు, 16 బిట్లు, ఒకే ఛానల్ చొప్పున వేవ్ ఫైలుగా దాస్తే నిమిషానికి 5.3 మెగాబైట్లు, మొత్తం సుమారు 17 గిగాబైట్లు. ఒక పెన్ డ్రైవ్‌లో పట్టిపోతుంది. కష్టమంతా శుభ్రం చేయడంలో ఉంది. టేపు బుస, జనరేటర్ గుయ్యిమనడం, ఒక చోట గొంతు చిన్నగా, ఇంకో చోట చెవులు పగిలేలా. 72 ఫైళ్ళను ఒక్కొక్కటే దిద్దే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే బ్యాచ్ ప్రాసెసింగ్. ఏమేం చేయాలో ఒకసారి వరుసగా చెప్పి బటన్ నొక్కితే అన్నిటికీ కంప్యూటరే చేసుకుపోతుంది.

దీనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టారు, 2000లో బయటికి వచ్చింది. అందులో బ్యాచ్ పనిని మొదట చెయిన్ అనేవాళ్ళు, 2018 నుంచి మాక్రో అంటున్నారు. మంచి సాధనమే. అయితే ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నిటిలో దిద్దే శక్తి పెరిగినంతగా, దిద్దే ముందు విని చూసుకునే సౌకర్యం పెరగలేదని నా అభిప్రాయం. ఒక ఫైలులో పొరపాటైతే ఒక ఫైలే పోతుంది. బ్యాచ్‌లో పొరపాటైతే 18 రోజుల భారతమూ పోతుంది.

ఆడాసిటీలో ఒక్కో ఎఫెక్ట్‌కు ప్రివ్యూ బటన్ ఉంది. అది మామూలుగా మనం ఎంచుకున్న భాగంలో మొదటి 6 సెకన్లు వినిపిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో ఈ సమయాన్ని పెంచుకోవచ్చు. ఇప్పుడు ఆలోచించండి. క్యాసెట్ ఒక వైపు మొత్తాన్ని ఎంచుకుంటే మొదటి 6 సెకన్లలో ఏముంటుంది? ఏ గుర్తూ పట్టని లీడర్ టేపు, తర్వాత ఉత్త బుస. నాయిస్ రిడక్షన్ ప్రివ్యూ నొక్కగానే ఆ బుస మాయమవుతుంది. ఆహా ఎంత శుభ్రమైపోయిందో అని ఓకే కొట్టేస్తాం. మనిషి గొంతు ఏమైందో ఇంకా విననే లేదు! ప్రివ్యూ అనేది ఫైలు మొదటి నుంచి కాకుండా మూడు చోట్ల నుంచి తీసి వినిపించాలి. గట్టిగా అరిచిన చోట ఒకటి, మెల్లగా మాట్లాడిన చోట ఒకటి, హార్మోనియం, మృదంగం కలిసిన చోట ఒకటి. అలా చేసే బటన్ లేదు కాబట్టి మనమే చేసుకోవాలి. ఒక్కో ఫైలులో మూడు చోట్ల 10 సెకన్ల చొప్పున వింటే 72 ఫైళ్ళకు 36 నిమిషాలు. దిద్దక ముందు, దిద్దిన తర్వాత రెండూ వింటే 72 నిమిషాలు. 54 గంటల కథను కాపాడడానికి ఒక సినిమా కంటే తక్కువ సమయం. ఎక్కువేం కాదు.

మెల్లగా మాట్లాడిన చోటు అని ఎందుకన్నానంటే, నష్టం జరిగేది అక్కడే. నాయిస్ రిడక్షన్ పనిచేసే తీరు ఇది: గొంతు లేని చోట కొంచెం బుసను నమూనాగా చూపిస్తాం. ఏ పౌనఃపున్యంలో ఆ బుస ఎంత ఉందో అది లెక్కగట్టి, ఫైలంతటా అంతకంటే తక్కువగా ఉన్న శబ్దాన్ని అణిచేస్తుంది. అచ్చుల బలం చాలావరకు 3,000 హెర్ట్జ్ లోపలే ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది, కనుక వాటికి ప్రమాదం తక్కువ. శ, ష, స ల బలం పైన ఉంటుంది. స అయితే 4,000 దాటి. టేపు బుస మన చెవికి బాగా తగిలేదీ ఆ పైభాగంలోనే. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 3,400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేది కనుకనే అవతలివాళ్ళు పేరు చెబితే "స నా, ఫ నా?" అని అడగాల్సి వచ్చేది. బుసతోబాటు సకారాన్ని కూడా తుడిచేస్తే ఆ టేపు మళ్ళీ పాత ఫోన్ అయిపోతుంది. ఇంకా గట్టిగా తుడిస్తే నీళ్ళలోంచి మాట్లాడినట్టు గలగలమంటుంది.

మామూలు మాటైతే ఊహించుకోవచ్చు. కానీ మన సరిహద్దు పల్లెల్లో కథ చెప్పేవాళ్ళ తెలుగులో కన్నడం కలుస్తుంది, కుప్పం వైపు అరవం కలుస్తుంది. ఆ మాటలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. అందులో ఒక హల్లు పోతే పూరించగలిగేవాళ్ళు ఉండరు.

దీనికి ఆడాసిటీలోనే ఒక చక్కని ఏర్పాటు ఉంది, చాలామంది చూడరు. నాయిస్ రిడక్షన్ కిటికీలో కింద రిడ్యూస్, రెసిడ్యూ అని రెండు ఉంటాయి. రెసిడ్యూ ఎంచుకుని ప్రివ్యూ నొక్కితే, మిగిలేది కాకుండా తీసేసేది వినిపిస్తుంది. అంటే చెత్తబుట్టను వింటున్నామన్నమాట. అందులో ఉత్త బుసే ఉంటే సరే. మాట గుసగుసగా వినిపించిందా, మన బియ్యం చెరిగిన పొట్టులో పడిపోతోందని అర్థం. వెంటనే తగ్గించండి. ప్రతి బ్యాచ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎఫెక్ట్‌కూ ఈ సౌకర్యం ఉండాలంటాను. లేని చోట చేత్తో చేసుకోవచ్చు. దిద్దిన ఫైలును ఇన్వర్ట్ చేసి అసలుతో కలిపితే, రెండింటిలో సమానంగా ఉన్నది కొట్టుకుపోయి తేడా మాత్రం మిగులుతుంది. రెండూ వేవ్ ఫైళ్ళే అయి, మొదలు ఒకే చోట ఉండి, శబ్దం పెంచడం తగ్గించడం జరగకుండా ఉంటేనే ఇది కుదురుతుంది. ఎంపీత్రీగా మార్చితే మొదట్లో కొంత ఖాళీ చేరి వరుస తప్పుతుంది.

ఇక పోల్చడం. రెండు శబ్దాలను పోల్చేటప్పుడు మన చెవి మనల్నే మోసం చేస్తుంది. రెండింటిలో కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతి దీనికి ఒక కారణం. శబ్దం చిన్నదైతే మంద్రస్థాయి మన చెవికి మరీ తక్కువగా వినిపిస్తుంది. గట్టిదైతే నిండుగా వినిపిస్తుంది. మాక్రోలో చివర శబ్దం పెంచే మెట్టు ఉంటే, దిద్దిన ఫైలు దిద్దుబాటు వల్ల కాదు, గట్టిదనం వల్ల గెలుస్తుంది. కాబట్టి పోల్చే ముందు రెండింటినీ ఒకే మట్టానికి తేవాలి. ఇందుకు నార్మలైజ్ పనికిరాదు, అది శిఖరాన్ని మాత్రమే చూస్తుంది. ఎవరో మైకును తట్టిన ఒక్క టప్ అనే శబ్దమే శిఖరం కావచ్చు. లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడండి. చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతి 2006లో వచ్చింది. యూరప్ ప్రసార సంస్థలు 2010లో దాని మీదనే మైనస్ 23 అనే మట్టం పెట్టుకున్నాయి. పోల్చడానికి ఆ మట్టమే ఉండాలని లేదు, రెండూ ఒకటే అయితే చాలు.

మట్టం సరిచేశాక కూడా ఏది ఏదో తెలిసి వింటే మనసు మొగ్గు చూపుతుంది. మనం శ్రమపడి దిద్దినదే బాగుందనిపిస్తుంది. అందుకని ఏది ఏదో తెలియకుండా వినాలి. బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1950లో ప్రకటించిన ఎ-బి-ఎక్స్ పరీక్ష ఇలాంటిదే. హాస్టల్‌లో దీనికి యంత్రం అక్కరలేదు. ఒకరు కంప్యూటర్ దగ్గర కూర్చుంటారు, ఇంకొకరు గోడవైపు తిరిగి వింటారు. ఎ వినిపించి, బి వినిపించి, తర్వాత నాణెం ఎగరేసి రెండింటిలో ఒకటి వినిపించాలి. అది ఏదో చెప్పాలి. 10 సార్లు చేయండి. వినకుండా గుడ్డిగా చెప్పినా 8 గాని అంతకంటే ఎక్కువ గాని సరిపోయే అవకాశం 1024లో 56, అంటే నూటికి అయిదు పైన. 9 గాని 10 గాని అయితే 1024లో 11 మాత్రమే. ఇంటర్ ఎంపీసీ వాళ్ళు ద్విపద విభాజనంతో సరిచూసుకోవచ్చు, పరీక్షకూ పనికొస్తుంది. తేడా చెప్పలేకపోతే ఆ దిద్దుబాటుతో పనిలేదు, మాక్రోలోంచి తీసేయండి.

వినడానికి ఎవరిని కూర్చోబెట్టాలన్నది కూడా చూసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు చెవికి అందవు. సకారం ఉందా పోయిందా అన్నది ఎనిమిదో తరగతి పిల్లలే మనకంటే బాగా చెబుతారు. మాట ఏమిటన్నది మాత్రం కథ తెలిసిన పెద్దలే చెప్పాలి. ఇద్దరూ కావాలి.

ఒక టేపు బుస నమూనాను ఇంకో టేపుకు వాడవద్దు. జనరేటర్ పెట్టిన రోజు 50 హెర్ట్జ్, దాని గుణిజాలు 100, 150 దగ్గర గుయ్యిమంటుంది. కరెంటుకు దూరంగా బ్యాటరీతో పట్టిన రోజు అది ఉండదు. కాబట్టి 72 ఫైళ్ళూ ఒకే బ్యాచ్ కాదు, ఒకే రోజు ఒకే యంత్రం మీద పట్టినవి ఒక బ్యాచ్. ఒక్కో బ్యాచ్‌లో అన్నిటికంటే పాడైన ఫైలు మీద ముందుగా మాక్రో మొత్తం నడిపి వినండి. నేను వాడిన మూడో తరం ఆడాసిటీలో మాక్రో అంతటికీ కలిపి ప్రివ్యూ లేదు, ఇదొక్కటే దారి. 2022లో వచ్చిన 3.2 నుంచి కొన్ని ఎఫెక్ట్‌లను పాట నడుస్తుండగానే ఒక మీటతో వేసి, తీసి పోల్చుకునే వీలు వచ్చింది. ఆ సౌకర్యం బ్యాచ్ పనికి కూడా రావాలి. మన పిల్లల్లో కంప్యూటర్ కోర్సులు చదివేవాళ్ళు దండిగా ఉన్నారు. ఆడాసిటీ ప్రోగ్రాం రాత అందరికీ తెరిచే ఉంటుంది కనుక, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మూడు చోట్ల ప్రివ్యూ, సమాన మట్టంలో పోలిక, ఈ రెండూ చేసి చూడవచ్చు.

దిద్దిన ఫైళ్ళను వేరే ఫోల్డర్‌లోకి పంపండి, అసలు వేవ్ ఫైళ్ళ మీద ఎప్పుడూ రాయవద్దు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని క్యాసెట్ నంబరు, ఏ వైపు, ఎన్ని డెసిబెల్స్ తగ్గించారు, రెసిడ్యూలో మాట వినిపించిందా లేదా రాయండి. విన్నవాళ్ళ పేరు కూడా రాయండి, తర్వాత అనుమానం వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.