టూల్ ఏం కట్టిందో చూడు



సి భాషలో నాలుగు వరుసల్లో తేలిపోయిన లూప్, సర్క్యూట్లను వర్ణించే వెరిలాగ్‌లో రాస్తే చిప్‌లో పట్టడం లేదని రాశావు. ప్రాసెసర్‌లో వందసార్లు తిరిగే లూప్ ఒకే కూడిక సర్క్యూట్‌ని వందసార్లు వాడుకుంటుంది. ఎఫ్‌పీజీఏకి, అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్‌కి, రాసినప్పుడు మాత్రం రాతను సర్క్యూట్‌గా మార్చే సింథసిస్ టూల్ ఆ లూప్‌ని విప్పి వంద కూడిక సర్క్యూట్లు కడుతుంది. సమయం ఆదా అవుతుందేమో గానీ చోటు కరిగిపోతుంది. ఒకే సర్క్యూట్‌ని క్లాక్ వెంట మళ్లీ మళ్లీ వాడాలంటే రిజిస్టర్, కౌంటర్ నువ్వే పెట్టాలి. ఎఫ్‌పీజీఏ చదువులో అన్నిటికంటే కష్టమైంది, రాసింది ఏ సర్క్యూట్ అవుతుందో ఇలా చూడగలగడమే. వెరిలాగ్ వ్యాకరణం వారంలో వచ్చేస్తుంది, ఈ చూపు రావడానికి నెలలు పడుతుంది.

నీ బోర్డు మీది ఐసీఈ40 హెచ్ఎక్స్1కే చిప్‌లో 1,280 లాజిక్ సెల్స్ ఉన్నాయి. ఒక్కోదానిలో నాలుగు ఇన్‌పుట్ల లుకప్ టేబుల్, అంటే 16 బిట్ల చిన్న మెమరీ. అది లెక్క కట్టదు. ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లాడిలా, అడగ్గానే దాచుకున్న జవాబు చెబుతుంది. ఆ 16 బిట్లు మారిస్తే యాండ్ గేటు కాస్తా ఎక్సార్ గేటు అవుతుంది. అలా 65,536 రకాల పనులు దానితో చేయించవచ్చు. కరెంటు పోతే ఆ బిట్లు చెరిగిపోతాయి గనక పక్కనే, కరెంటు లేకున్నా వాటిని దాచి ఉంచే ఫ్లాష్ మెమరీ పెడతారు. జైలింక్స్ సహస్థాపకుడు రాస్ ఫ్రీమన్ ఆలోచన నుంచి 1985లో వచ్చిన ఎక్స్‌సీ2064 అనే ఎఫ్‌పీజీఏలో లాజిక్ బ్లాకులు 64 మాత్రమే. ట్రాన్సిస్టర్లు ఖరీదైన ఆ రోజుల్లో, ముందు ముందు అవి చవకవుతాయని నమ్మి మార్చుకునే వీలు కోసం వాటిని అంత ధారాళంగా వాడిన ఆయన ధైర్యమంటే నాకెంతో గౌరవం. 1989లోనే ఆయన చనిపోయాడు.

ఇక టూల్స్. క్లేర్ వుల్ఫ్, మథియాస్ లాసర్ ఐసీఈ40 బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి ఎక్కించే బిట్ల వరుస) రహస్యాన్ని విప్పి 2015లో ప్రాజెక్ట్ ఐస్‌స్టార్మ్‌గా అందరికీ ఇచ్చారు. ఆ పుణ్యమే నీ చేతిలో ఉంది: యోసిస్ నీ రాతను లుకప్ టేబుళ్లుగా మారుస్తుంది, నెక్స్ట్‌పీఎన్ఆర్ వాటిని చిప్‌లో సర్ది తీగలు కలుపుతుంది, ఐస్‌ప్యాక్ బిట్‌స్ట్రీమ్ తయారుచేస్తుంది. హైదరాబాద్‌లో ఉద్యోగానికి జైలింక్స్ చిప్‌ల టూల్ వివాడో నేర్చుకోక తప్పదు, నేర్చుకో. కానీ ముందు వీటితోనే సాగు, ప్రతి మెట్టు మీదా ఆగి చూడొచ్చు.

సిమ్యులేషన్‌లో సరిపోయింది బోర్డు మీద ఎందుకు తప్పిందంటావా? మామూలు సిమ్యులేషన్ తీగల ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోదు. నీ క్లాక్ 12 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో దెబ్బకీ దాదాపు 83 నానోసెకన్లు. ఒక రిజిస్టర్ నుంచి బయలుదేరిన విలువ, మధ్యలోని టేబుళ్లన్నీ దాటి, ఆలోపు తర్వాతి రిజిస్టర్ చేరాలి. నెక్స్ట్‌పీఎన్ఆర్ చివర్లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీ చెప్పి, ఏ దారి ఆలస్యమో వరుసగా చూపిస్తుంది. అది చదవకుండా బోర్డు ముట్టుకోకు.

ఈ వారం ఎనిమిది బిట్ల గుణకారం రెండు విధాలుగా రాయి: ఒకటి ఒకే క్లాక్‌లో, రెండోది ఎనిమిది క్లాకుల్లో జరిపి కూడుతూ. రెండింటికీ ఇన్‌పుట్, ఔట్‌పుట్ దగ్గర రిజిస్టర్లు పెట్టు, లేకపోతే ఫ్రీక్వెన్సీలు పోల్చడం కుదరదు. సెల్స్ ఎన్నో, ఫ్రీక్వెన్సీ ఎంతో ముందే అంచనా వేసి కాగితం మీద రాసుకో. రిపోర్టులతోపాటు ఆ కాగితం కూడా పంపు.

మామయ్య