స్పార్కు ప్లగ్గు మార్పు: డీలరు వద్దనా, ఇంటి వద్దనా?



పత్తి చేను కాయ మీద ఉన్నది. గులాబీ రంగు పురుగు కనిపించినది. తెల్లవారగానే మందు కలుపుకొని, పెట్రోలు స్ప్రేయరును గట్టున పెట్టి త్రాడు లాగితిరి. పదిమార్లు లాగినను ఇంజను పలుకలేదు. దేవరకొండ దగ్గరి తండాలోనో, అచ్చంపేట దగ్గరి పల్లెలోనో ఉన్న రైతు ఇప్పుడు ఏమి చేయవలెను? యంత్రమును మోసికొని పట్నములోని డీలరు వద్దకు పోవలెనా? లేక చెట్టు నీడన కూర్చుండి తానే ప్లగ్గు విప్పి చూడవలెనా?

ఇది చిన్న ప్రశ్నగా తోచును గాని చిన్నది కాదు. గులాబీ రంగు పురుగు పిల్ల గ్రుడ్డు నుండి వెలువడిన కొద్ది సేపటికే మొగ్గలోనికో, కాయలోనికో దూరును. లోపలికి పోయిన పురుగును మందు అందుకొనలేదు. అందుచేత రెండు రోజుల ఆలస్యమునకు వెల ప్లగ్గు వెలకంటె ఎక్కువ.

ముందుగా: మీ యంత్రమునకు ప్లగ్గు ఉన్నదా?

స్పార్కు ప్లగ్గు పెట్రోలు ఇంజనులకు ఉండును. పెట్రోలు స్ప్రేయరు, కలుపు కోత యంత్రము, మోపెడు, మోటారు సైకిలు ఇట్టివి. ట్రాక్టరు, డీజిలు పంపు ఇంజను వీనికి స్పార్కు ప్లగ్గు లేదు. అందులో గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడికే డీజిలు అంటుకొనును. కాబట్టి మీ ట్రాక్టరు బిల్లులో స్పార్కు ప్లగ్గు అని వ్రాసియున్నచో ఎందుకని అడుగవలెను. బ్యాటరీ స్ప్రేయరుకును ప్లగ్గు లేదు.

ప్లగ్గు చేయు పని తేలికగా తెలిసికొనవచ్చును. నడిమి కమ్మీకి, ప్రక్కన వంగియున్న కమ్మీకి మధ్య సన్నని సందు ఉండును. కాయిలు నుండి వచ్చు వేలకొలది వోల్టుల విద్యుత్తు ఆ సందును దాటునప్పుడు నిప్పురవ్వ పుట్టి పెట్రోలు ఆవిరిని అంటించును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ పని సెకనుకు 100 మార్లు జరుగవలెను. సందు పెరిగినను, మసి పట్టినను, నడుమనున్న పింగాణి పగిలినను రవ్వ తప్పును.

ఖర్చు లెక్క

ఈ క్రింది అంకెలు లెక్క నేర్చుకొనుటకు వేసినవి. మీ ఊరి ధరలను వాని స్థానమున వేసికొనవలెను.

ప్లగ్గు వెల 120 రూపాయలు, డీలరు మజూరి 150, పోయి వచ్చు ఖర్చు 100, పోయిన దినపు కూలి 500 అనుకొందము. మొత్తము 870 రూపాయలు. ఏడాదిలో రెండు మార్లయినచో 1740.

ఇంటి వద్ద మార్చుకొనుటకు ప్లగ్గు పానా 150, సందు కొలుచు ఫీలరు గేజి 150, తీగ బ్రష్షు 50, కలిపి 350 రూపాయలు ఒక్కసారి పెట్టవలెను. రెండు ప్లగ్గులు 240. మొదటి ఏడు 590 రూపాయలు. రెండవ ఏడు 240 మాత్రమే. అనగా మొదటి ఏడు 1150, తరువాత ఏటేట 1500 మిగులును.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. 1740లో డీలరు మజూరి 300 మాత్రమే. దినము పోవుటయే 1000 రూపాయలు. మీరు వేరే పనిమీద పట్నము పోవుచు యంత్రమును వెంట తీసికొనిపోయినచో, దారి ఖర్చు, కూలి లెక్కలోనికి రావు. అప్పుడు డీలరు వద్ద ఏటికి 540, ఇంటి వద్ద మొదటి ఏడు 590. అనగా మొదటి ఏడు లాభము లేకపోగా 50 రూపాయలు ఎక్కువగును. కాబట్టి “డీలరు దోచుకొనుచున్నాడు” అనుట సరియైన లెక్క కాదు. మన సమయమును పోగొట్టునది దూరము. ఊరికి దూరముగా ఉన్న రైతుకు ఈ పని నేర్చుకొనుటలో లాభము ఎక్కువ; పట్నము ప్రక్కనున్న రైతుకు తక్కువ.

నష్టపు పద్దు కూడ వ్రాసికొనవలెను. ఇంజను తల అల్యూమినియముతో చేసినది, మెత్తనిది. ప్లగ్గును వంకరగా ఎక్కించి పానాతో బిగించినచో లోపలి మరలు తెగును. ఆ బాగుచేతకు ఒక ఏటి లాభమంతయు పోవచ్చును. నేను చదువుకొను రోజులలో నా మోపెడుకు అట్లే చేసితిని. తొందరలో మొదటి చుట్టే పానాతో త్రిప్పితిని. చేతికి బిగువు తగిలినను ఆగలేదు. తప్పు నాదే, ఖర్చు నాదే. అందుచేతనే ఈ క్రింది వరుసను శ్రద్ధగా చదువుడని కోరుచున్నాను.

మార్చు విధానము

1. ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిమీద విప్పినచో మరలు చెడును. పెట్రోలు కుళాయి ఉన్నచో మూయవలెను. యంత్రముపై పడిన పురుగుమందును తడిబట్టతో తుడిచి, చేతి తొడుగులు వేసికొనవలెను. బీడి, చుట్ట దగ్గరకు రానీయరాదు.

2. ప్లగ్గు టోపీని పట్టి లాగవలెను. తీగను పట్టి లాగరాదు.

3. ప్లగ్గు చుట్టునున్న దుమ్మును బ్రష్షుతో తీసివేయవలెను. మన చెలక నేలల ఎర్ర దుమ్ములో ఇసుక ఎక్కువ. అది సిలిండరులో పడినచో పిస్టనును గీచివేయును. ప్లగ్గును సగము చుట్టు వదులు చేసి, మరల ఒకసారి దుమ్ము తుడిచి, ఆపైన పూర్తిగా విప్పవలెను.

4. సందును కొలువవలెను. చిన్న ఇంజనులకు సాధారణముగ 0.6 నుండి 0.7 మిల్లీమీటరు ఉండును. మీ యంత్రపు పుస్తకములో ఉన్న అంకెయే ప్రమాణము. గేజి లేనిచో, చేతి రంపపు హాక్సా బ్లేడు మందము ఇంచుమించు ఇంతే కాబట్టి తాత్కాలికముగ పనికివచ్చును. సరిచేయునప్పుడు ప్రక్క కమ్మీనే మెల్లగా వంచవలెను. నడిమి కమ్మీని ముట్టరాదు, పింగాణి పగులును.

5. ఎక్కించునప్పుడు ప్లగ్గును వ్రేళ్ళతోనే పట్టి, మొదట ఎడమవైపు మెల్లగా త్రిప్పవలెను. మర మరలో కూర్చున్నట్లు చిన్న తటాకు తెలియును. అప్పుడు కుడివైపు త్రిప్పుచు, ఆనువరకు వ్రేళ్ళతోనే పోవలెను. మధ్యలో బిగిసినచో విప్పి మరల మొదలుపెట్టవలెను.

6. ఆనిన తరువాతనే పానా పట్టవలెను. వాషరు గల క్రొత్త ప్లగ్గుకు ఇంకొక అరచుట్టు చాలును. వాడిన ప్లగ్గునే తిరిగి పెట్టునప్పుడు గడియారములో చిన్న ముల్లు ఒక గంట నడచినంత, అనగా చుట్టులో పండ్రెండవ వంతు చాలును. బలము చూపవలసిన చోటు ఇది కాదు.

పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

పాత ప్లగ్గు చెప్పు సంగతులు

పాత ప్లగ్గును పారవేయుటకు ముందు దాని మొనను చూడవలెను. లేత గోధుమ రంగున్నచో ఇంజను ఆరోగ్యముగ ఉన్నది. పొడిగా నల్లని మసి పట్టినచో గాలి తక్కువై పెట్రోలు ఎక్కువగుచున్నది. ఎయిరు ఫిల్టరు దుమ్ముతో మూసికొని ఉండవచ్చును. తడిగా నూనె జిడ్డున్నచో పెట్రోలులో నూనె పాలు ఎక్కువైనది. తెల్లబారి, కమ్మీ కరగినట్లున్నచో ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. ఈ చివరి గుర్తు కనబడినచో ప్లగ్గు మార్చి ఊరకుండరాదు.

రెండు స్ట్రోకుల ఇంజనుకు 25 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె అని పుస్తకములో ఉన్నచో లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉన్నచో 20 మిల్లీలీటర్లు కలుపవలెను. కంటి అందాజున పోయరాదు. నాలుగు స్ట్రోకుల ఇంజను పెట్రోలులో నూనె కలుపనే రాదు. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును. కాబట్టి కాలము ముగియగానే ట్యాంకును ఖాళీ చేసి ఉంచవలెను.

కొనునప్పుడు జాగ్రత్త

“ఇదే సైజు” అన్న మాట మాత్రమే నమ్మరాదు. పాత ప్లగ్గును వెంట తీసికొనిపోయి, దానిపైని సంకేతమును యంత్రపు పుస్తకముతో సరిచూడవలెను. మర పొడవు ఎక్కువైనచో పిస్టనుకు తగులవచ్చును. ఎన్‌జీకే ప్లగ్గులలో అంకె పెరిగిన కొలది ప్లగ్గు చల్లనిది. బాష్ ప్లగ్గులలో అంకె పెరిగిన కొలది వేడిది. రెండింటి వరుస తలక్రిందులు. అంకె ఒక్కటే గదా అని ఒకదానికి బదులు మరియొకటి వేయరాదు.

డీలరు వద్దకే పోవలసిన సందర్భములు

గ్యారంటీ గడువు తీరని యంత్రమును ముందుగా డీలరును అడుగకుండ విప్పరాదు. ప్లగ్గు కదలక మొండికేసినను, మరలు చెడినను, క్రొత్త ప్లగ్గు కొద్ది రోజులకే మరల నల్లబడినను, క్రొత్త ప్లగ్గుతో కూడ ఇంజను పలుకకున్నను డీలరు వద్దకే పోవలెను. పోయినప్పుడు పని మీ కండ్ల ఎదుట చేయించుకొని, పాత ప్లగ్గును, బిల్లును అడిగి తీసికొనవలెను. ఒకమారు శ్రద్ధగా చూచినచో మరుసటి సారి ఆ పని మీరే చేసికొనగలరు.

చివరి మాట

వానాకాలమునకు ముందే సరియైన ప్లగ్గును ఒకటి కొని, పానాతో కలిపి చిన్న డబ్బాలో ఉంచుకొనవలెను. ఇంజను నడచిన తరువాతనే మందు కలుపవలెను. కలిపిన మందు నిలువయున్నచో పాడగును. ఇంకొక సంగతి. యంత్రము బాగైనదని మందు కొట్టరాదు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు రాత్రికి 8 రెక్కల పురుగులు పడినను, నూటికి 10 పూలో కాయలో దెబ్బతిన్నను, అప్పుడే మందు అవసరము. సందేహమున్నచో కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రముల వారిని అడుగవచ్చును.

పలుపు తెగినచో పేనుకొనుట, నాగలి కర్రు మార్చుకొనుట మన పెద్దలకు తెలిసిన పనులే. ఈ వ్రేలెడు ప్లగ్గును మార్చుకొనుట వానికంటె కష్టము కాదు. తొందర మాత్రము పనికిరాదు.