కూచిపూడి నగరప్రస్థానం

ఉద్దేశం

ఒక కళ తాను పుట్టిన ఊరిని దాటి కొత్త నగరానికి చేరినప్పుడు దేనిని వెంట తీసుకొని వెళుతుంది, దేనిని పోగొట్టుకుంటుంది, అక్కడి పిల్లలకు ఏమి అందిస్తుంది అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి చిన్న గ్రామం. ఆ ఊరి పేరే ఒక నాట్యానికి పేరైంది. ఆ ఊరి భాగవతులు మేళాలు కట్టుకొని తెలుగునాట ఊరూరా తిరిగేవారు. ఆలయ ప్రాంగణాలలో, వీధి నడుమ వేసిన పందిళ్ళలో రాత్రి తెల్లవార్లూ ఆడేవారు. ఆట ముగిసిన తరువాత తిరిగి తమ ఊరికే చేరుకునేవారు. ప్రదర్శన ఊరు దాటింది. విద్య మాత్రం చాలాకాలం ఊరు దాటలేదు. ఆ విద్య ఊరు దాటిన ఘట్టమే కూచిపూడి చరిత్రలో పెద్ద మలుపు.

కూచిపూడి సంప్రదాయానికి మూలపురుషుడుగా సిద్ధేంద్రయోగిని చెప్పుకుంటారు. ఆయన రచనగా ప్రసిద్ధికెక్కిన భామాకలాపంలో సత్యభామ పాత్రను ఆ ఊరి భాగవత కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడు జీవితంలో ఒక్కసారైనా ధరించాలన్నది అక్కడి సంప్రదాయం. స్త్రీపాత్రలను సైతం పురుషులే ధరించేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ వేషంలో రంగం మీదికి వస్తే ఆయన పురుషుడన్న సంగతిని ప్రేక్షకులు మరచిపోయేవారు. ఇక ఆ ఇళ్ళలోని పిల్లలకు నాట్యవిద్య ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పాఠం కాదు. తాత పాడుతుంటే వినడం, తండ్రి అడుగు వేస్తుంటే చూడడం, మేనమామ సంభాషణ చెబుతుంటే తానూ వల్లించడం — ఇదే వారి చదువు. ఆట, పాట, మాట మూడూ ఒక్కసారే అబ్బేవి. కాని ఆ ఇంటి ఆడపిల్ల ఆ విద్యను గడప ఇవతలినుంచి వినవలసిందే. ఊరిలోని ఇతర కులాల పిల్లలకు ఆ గడప కూడా దూరమే. సంప్రదాయాన్ని కాపాడిన కట్టుబాటే ఎందరినో దానికి దూరంగా ఉంచింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ కట్టుబాటు సడలసాగింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు స్త్రీలకు నాట్యం నేర్పి, ఏకపాత్ర నృత్యానికి బాట వేశారు. మద్రాసు నగరం ఆ బాటను రాజమార్గంగా మార్చింది. 1953 వరకు ఆంధ్రులకు రాజధాని అదే. తెలుగు చలనచిత్రాలకు పుట్టిల్లూ అదే. కూచిపూడినుంచి వెళ్ళిన వేదాంతం రాఘవయ్య, వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి చిత్రసీమలో నృత్యదర్శకులుగా స్థిరపడ్డారు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ నృత్యాలను చూసి ఆనందించిన లక్షలమందికి వాటి వెనుక కృష్ణాతీరపు పల్లె ఒకటి ఉన్నదని తెలిసి ఉండకపోవచ్చు.

ఆనాటి మద్రాసు నాట్యలోకానికి కొత్త నగరం కాదు. 1928లో సంగీత అకాడమీ, 1936లో రుక్మిణీదేవి నెలకొల్పిన కళాక్షేత్రం అక్కడ వెలశాయి. మార్గశిరమాసంలో సభలన్నీ కచేరీలతో కళకళలాడేవి. అక్కడి రసికులకు తెలుగు వినికిడిలేని భాషా కాదు. త్యాగరాజు కృతులు, క్షేత్రయ్య పదాలు వారి చెవులకు అలవాటైనవే. తంజావూరు సీమలోని మెలట్టూరులో భాగవతమేళ నాటకాలు తెలుగులోనే ఆడేవారు. అయితే ఆ నగరపు నాట్యచరిత్రకు మరొక పార్శ్వం ఉంది. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. దురాచారాన్ని రూపుమాపడం అవసరమే. కాని తరతరాలుగా నాట్యాన్ని కాపాడిన ఆ కుటుంబాల స్త్రీలకు వేదిక దూరమవుతున్న రోజులలోనే, మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలకు అదే వేదిక గౌరవస్థానమైంది. ఈ సత్యాన్ని గుర్తుంచుకోకుండా నగరంలోని నాట్యవికాసాన్ని మెచ్చుకోవడం సగం చరిత్రను చదవడమే.

అటువంటి నగరానికి వెంపటి చినసత్యం (1929–2012) యౌవనంలో చేరుకున్నారు. కొంతకాలం చిత్రసీమలో పెదసత్యానికి సహాయకులుగా పనిచేశారు. ఆ నగరపు సభలను, సంగీతాన్ని, ప్రేక్షకుల అభిరుచిని శ్రద్ధగా గమనించారు. పల్లెలో తెల్లవారుజాము వరకు సాగే ఆట నగరపు సభలో రెండుమూడు గంటలలో ముగియాలి. అక్కడ వీధి జనం కేకలు వేసి ఉత్సాహపరచరు. వరుసలు తీరి కూర్చొని, అడుగులోని పొందికను, అంగవిన్యాసంలోని శుద్ధిని పరికిస్తారు. దీనిని గ్రహించి ఆయన అడుగుకు, అంగానికి, తాళానికి ఒక క్రమాన్ని కల్పించారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. ‘శ్రీకృష్ణ పారిజాతం’, ‘క్షీరసాగర మథనం’, ‘చండాలిక’ వంటి నృత్యనాటకాలను రూపొందించారు. ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం ఆయన కృషికి అండగా నిలిచాయి. 1998లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది.

ఆయన శిష్యులలో అధికసంఖ్యాకులు ఆడపిల్లలే. అనకాపల్లిలో జన్మించిన శోభానాయుడు (1956–2020) బాల్యంలో ఆయన వద్ద చేరి, గురుకుల పద్ధతిలో విద్య నేర్చి, సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా పేరు గడించారు. తరువాత హైదరాబాదులో శిక్షణాలయాన్ని నిర్వహించి ఎందరో పిల్లలకు నాట్యం నేర్పారు. గడప ఇవతలినుంచి వినవలసిన ఆడపిల్ల గురుపీఠం మీద కూర్చున్నది. నగరం కళకు చేసిన ఉపకారాలలో ఇది గొప్పది.

ఉపకారంతోపాటు నష్టమూ ఉంది. కూచిపూడి మొదట యక్షగానం. నటుడు ఆడుతూ, పాడుతూ, మాట్లాడుతూ పాత్రను నడిపేవాడు. నగరవేదిక మీద పాట గాయకుల వంతైంది. మాట క్రమంగా తగ్గింది. ఆంగికం మెరుగుపడి వాచికం పలచబడిందని పెద్దలు కొందరు వ్యథ చెందారు. వారి వ్యథను చాదస్తమని తోసివేయలేము. మాట తెలియని పిల్లకు పాటలోని భావం ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు ఒకనాడు ప్రత్యక్షంగా ఎదురైంది.

కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులలో చెన్నైలోని తెలుగు కుటుంబాల పిల్లలకోసం పదిరోజుల నాట్యశిబిరం ఏర్పాటైంది. పాటల అర్థం చెప్పడానికి నన్ను పిలిచారు. నేను ఉత్సాహంగా సిద్ధేంద్రయోగి కాలనిర్ణయంతో మొదలుపెట్టి అష్టవిధ నాయికల లక్షణాల వరకు వచ్చాను. అప్పటికి ముందువరుసలోని పిల్లవాడు నిద్రపోయాడు. నాట్యాచార్యురాలు మెల్లగా, “మాస్టారూ! పిల్లలకు ముందు జడ చూపిద్దాం. నాయికలను గురించి తరువాత వాళ్ళే అడుగుతారు” అన్నారు.

ఇద్దరు పిల్లలు దుప్పటిని తెరగా పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళ పాప దాని వెనుక నిలబడి తన జడను తెర మీదుగా ఇవతలికి వేసింది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశించే తీరు అదే. కళలో తనను మించినవారు ఉంటే వచ్చి ఈ జడను కోయవచ్చునన్న సవాలు అందులో ఉన్నదని భాగవతులు చెబుతారు. “ముందు ముఖం చూపించవచ్చు కదా, జడ ఎందుకు?” అని ఒక పిల్ల అడిగింది. “ముఖం చూపిస్తే ఎవరో తెలిసిపోతుంది. జడ చూపిస్తే ఎవరా అని ఎదురుచూస్తారు” అని నిద్ర లేచిన పిల్లవాడే జవాబు చెప్పాడు. సత్యభామ మనసులోని భావాన్ని నేను ‘అతిశయం’ అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మూల కూర్చున్న ఒక పాప నాయనమ్మ, “గీర అమ్మా, గీర!” అన్నది. పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. తెర వెనుక పాప మళ్ళీ జడ వేసింది. ఈసారి ఆమె మెడ నిలిచిన తీరే మారింది. నా పరిశోధన చేయలేని పనిని ఆ ఒక్క ఇంటిమాట చేసింది.

పదిరోజుల శిబిరం నర్తకిని తయారుచేయలేదు. అది ఏళ్ళ తరబడి సాగవలసిన సాధన. అభినయదర్పణం చెప్పిన ఇరవై ఎనిమిది అసంయుతహస్తాలను పదిరోజులలో వల్లింపజేస్తే పిల్లలు పేర్లు నేర్చుకుంటారు. వాటి ప్రాణాన్ని నేర్చుకోరు. సిమెంటు నేల మీద గంటల తరబడి అడుగులు వేయిస్తే లేతమోకాళ్ళు నొచ్చుకుంటాయి. చివరిరోజు ప్రదర్శనే ధ్యేయమైతే పిల్లల చూపు గురువును విడిచి తల్లిదండ్రుల కెమెరాల మీద నిలుస్తుంది. శిబిరం చేయగలిగినది వేరొకటి ఉంది. నాలుగు అడుగులను తాళంలో నిలకడగా వేయడం, ఒక కథను చేతితోను, కంటితోను చెప్పడం, తోటివారు ఆడుతున్నప్పుడు ఓపికగా చూడడం — ఈ మూడూ పట్టుబడితే శిబిరం సఫలమైనట్లే. ఆ కథలోని మాటలు తమ ఇంటివేనని పిల్లలు గుర్తిస్తే అది మరింత సఫలం.

కొత్త నగరంలో విత్తనం నాటేవాడు అక్కడి నేలను తెలుసుకోవాలి, విత్తనాన్నీ మరువకూడదు. చినసత్యం వంటి గురువులు నగరపు నేలను ఎరిగి కూచిపూడిని నాటారు. దానిని అందుకునే పిల్లలకు అడుగుతోపాటు మాటను కూడా అందించడం నేటి గురువులు, తల్లిదండ్రులు నెరవేర్చవలసిన బాధ్యత. అడుగు నేర్పేవారు నేడు ప్రతి నగరంలోను ఉన్నారు. ‘గీర’ అంటే ఏమిటో చెప్పే నాయనమ్మలే తక్కువ.

కఠినపదాలు – అర్థాలు

ప్రస్థానం = ప్రయాణం, బయలుదేరి వెళ్ళడం
మేళం = కళాకారుల బృందం
పార్శ్వం = పక్క, వైపు
ఆంగికం = అవయవాలతో చేసే అభినయం
వాచికం = మాటలతో చేసే అభినయం
అసంయుతహస్తం = ఒకే చేతితో పట్టే ముద్ర
అతిశయం = గొప్పదనం, గర్వం
గీర = గర్వం, బెట్టు (వాడుకమాట)

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కూచిపూడి విద్య పల్లెనుంచి నగరానికి చేరిన క్రమాన్ని వివరించండి.
2. నగరం కూచిపూడికి చేసిన ఉపకారాన్ని, కలిగించిన నష్టాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మద్రాసు ప్రేక్షకులకు తెలుగు కొత్త భాష కాదని ఎలా చెప్పవచ్చు?
2. నాట్యశిబిరంలో రచయితకు కలిగిన అనుభవాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఏ సంవత్సరంలో స్థాపించబడింది?
2. సత్యభామ తెర మీదుగా వేసే జడలోని సవాలు ఏమిటి?

IV. సందర్భసహిత వ్యాఖ్య
1. “ప్రదర్శన ఊరు దాటింది, విద్య మాత్రం చాలాకాలం ఊరు దాటలేదు.”
2. “జడ చూపిస్తే ఎవరా అని ఎదురుచూస్తారు.”