బతుకమ్మ పూలతో పసిబిడ్డల చేతిపనులు

ప్రశ్న: మా పాపకు 2 ఏండ్లు. దమ్మాయిగూడలో అపార్టుమెంటులో ఉంటున్నాము. ఈ శరత్కాలములో ఇంట్లోనే చేయించదగిన చేతిపనులు తెలుపగలరు.

జవాబు: అమ్మా, భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో ఆరంభమై సద్దులవరకు సాగు బతుకమ్మకై అంగడికి వచ్చు గునుగు, బంతిపూలకంటె మీ పాపకు తగిన సామగ్రి మఱొకటి లేదు. కడిగిన గునుగుపూల కొనలను పసుపునీటను, బీట్‌రూటు రసమునను ముంచనిండు. తెల్లని కుచ్చు మెల్లమెల్లగా రంగు పీల్చుకొనుటను ఆ చిన్నికన్నులు రెప్పవాల్చక చూచును. పిదప తాంబాళములో గుమ్మడియాకు పఱచి, బంతిరేకులను తుంచి తనకు తోచినట్లు పేర్చనిండు. వరుస తప్పినను మీరు సరిదిద్దరాదు, ఏలయన ఈ వయసున వ్రేళ్ల పట్టు కుదురుటయే ప్రధానము గాని ఆకృతి కాదు. పూసలు, గుండుసూదులు దగ్గఱ నుంచకుడు. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితములు గనుక, ప్రతిదియు నోటబెట్టుకొను బిడ్డ యున్న యింటికి వానిని తేనే వలదు.