గీజరు వేస్తే కరెంటు పోతోంది

ప్రశ్న: వారం నుంచి గీజరు స్విచ్ వేయగానే ఇల్లంతా కరెంటు పోతోంది. మెయిన్ బోర్డులో ఒక మీట కిందికి పడుతోంది. వచ్చిన ఎలక్ట్రీషియన్, "ఈ ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తానమ్మా, గొడవ వదిలిపోతుంది" అంటున్నాడు. తీయించవచ్చా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దమ్మా, చచ్చినా తీయించకండి. ఆ మీట వారం రోజులుగా మీ ఇంటిల్లిపాదినీ కాపాడుతోంది.

ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ, ఆ రెండింటి మధ్య 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చినా రెప్పపాటులో పడిపోతుంది. "ఎంసీబీ ఉందిగా" అంటారు చాలామంది. ఎంసీబీ కాపాడేది తీగని. మనిషి ఒంట్లోంచి ప్రాణం తీసేంత కరెంటు పోతున్నా 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు.

మీ గీజరులో కాయిల్ పోయి ఉంటుందని నా అనుమానం. బోరు నీళ్లయితే సున్నం పేరుకుని పైతొడుగు చిట్లుతుంది, కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఎర్త్ బాగుంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే స్నానం చేసే మనిషి గుండా పోతుంది.

మొన్న ఒక ఇంట్లో గీజరు ప్లగ్గు విప్పాను. పచ్చ ఎర్త్ తీగను దేనికీ బిగించకుండా వెనక్కి మడిచి, టేపు చుట్టి వదిలేశారు. పైకి చూస్తే మూడు పిన్నులూ నిగనిగలాడుతున్నాయి. ఆ ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు అది తగలాలి, తీసేటప్పుడు చివర అది విడవాలి. అంత ఆలోచించి చేసిన పిన్నుకి తీగే లేదు! ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నాకు చాలాసేపు చెయ్యి ఆడలేదు.

గీజరు ప్లగ్గు తీసేసి స్విచ్ వేసి చూడమనండి. మీట నిలిస్తే తప్పు గీజరులో ఉన్నట్టే, అప్పటికీ పడితే వైరింగులో వెతకాలి. మెగ్గర్ (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) ఉన్నవాడైతే లీకేజీ ఎక్కడో తొందరగా తేలుస్తాడు. ఒక మాట ముందే చెప్పండి: "వెతికినందుకు కూలి ఇస్తాను." మనం స్విచ్ మారిస్తే డబ్బులిస్తాం, గంటసేపు తప్పు వెతికితే "ఏం చేశావని?" అంటాం. అతను తీసేస్తాననడానికి అదీ ఒక కారణం కావచ్చు. బాగుచేశాక నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. మీట పడకపోతే అది మార్చాల్సిందే.

ప్రశ్న: ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేసరికి మడి ఎండుతుంది. ఏబీ స్విచ్ దించి మేమే వేసుకుంటున్నాం. తప్పా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: తప్పే తమ్ముడూ, ట్రాన్స్‌ఫార్మర్ మీదికి వచ్చేది 11,000 వోల్టులు. ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌కి మూడు బ్లేడ్లు. తుప్పుపట్టి ఒకటి విడవకపోయినా కిందనుంచి కనిపించదు. అందుకే లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాకే ఎక్కుతాడు. 1912కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మడికి ఒక తడి ఆలస్యమైనా ఫర్వాలేదు.

ప్రశ్న: పది పాసైన మా అమ్మాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానంటోంది. మగవాళ్ల పని కదా అని భయం.
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: మీ జిల్లా ఆడబిడ్డే బబ్బూరి శిరీష. హైకోర్టుదాకా వెళ్లి అవకాశం తెచ్చుకుని, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, 2022లో లైన్‌ఉమన్‌గా ఉద్యోగంలో చేరింది. మీ అమ్మాయిని చేర్చండి. కోర్సు రెండేళ్లు, తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయించండి, చెయ్యి తిరిగేది అక్కడే. మగవాళ్లు ఇంట్లో లేని వేళ రిపేరుకి ఆడపిల్ల వస్తే ఎంత నిశ్చింతో మీకే తెలుసు. పనిలోకి దిగేముందు ఉంగరం, లోహపు గాజులు తీసేసి, చున్నీ బిగించి కట్టుకోవడం మొదటిరోజు నుంచే అలవాటు చేయండి.